చెరువు మీద పిల్లల చేత నృత్యం చేయించబోతున్న నా శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

పాఠశాల వార్షికోత్సవానికి నీటి సంరక్షణ మీద పిల్లల చేత నృత్యరూపకం చేయించాలనుకుంటున్నానని రాసి, నీ ఆలోచన కూడా వివరంగా పంపావు. గంగాదేవి వేషంలో ఒక అమ్మాయి నడుమ నిలబడడం, మిగిలినవాళ్లు చుట్టూ నీలం గుడ్డలు ఊపడం, చివరకు అందరూ అట్టల మీద నినాదాలు చూపడం బాగానే ఉంటాయి, చప్పట్లు కూడా పడతాయి. కానీ అందులో ఊరు లేదమ్మా. మన కడప సీమలో నీరు తనంతట తాను నిలవదు. పదిమంది కలిసి కట్ట వేసి నిలిపితేనే నిలుస్తుంది. కాబట్టి నీటిని కాక, నీటి కోసం మనుషులు చేసే పనిని ఆడించమని నా సలహా.

కథ కోసం ఎక్కడికో పోనక్కరలేదు, పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. రోజూ 1000 మంది కూలీలు, రాతిపనికి 100 బండ్లు పనిచేయగా రెండేళ్లకు చెరువు పూర్తయిందని అందులో చెప్పారు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా అది లెక్కపెట్టింది. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ దోషాలు. వీటిని ఆరుగురు పిల్లలకు పంచి, గుంపు కడుతున్న కట్టను ఒక్కొక్కరూ ఒక్కో తీరున చెడగొట్టేటట్టు కూర్చు. దుష్టపాత్ర కోసం కొమ్ములు పెట్టిన రాక్షసుణ్ణి వెతకవలసిన పని ఉండదు.

మట్టిపనికి చెక్కభజన అడుగులు వాడు. ఆ చెక్కల దెబ్బకూ, తట్ట చేతులు మారే లయకూ చక్కగా కుదురుతుంది. అయితే ముందు పిల్లలను ఒకపూట చెరువు కట్ట మీదికి తీసుకువెళ్లి, గడ్డపార పట్టిన మనిషి నడుము ఎలా వంగుతుందో, మట్టితట్ట నెత్తికెత్తేటప్పుడు మెడ ఎలా బిగుస్తుందో చూపించు. నిండు బిందెను చంకన పెట్టుకున్న ఆడమనిషి నడుము ఒకవైపు తోసుకువస్తుంది, రెండో చేయి దూరంగా చాచుకుంటుంది, అడుగులు పొట్టివవుతాయి. నీళ్లు తొణకకుండా కొందరు బిందెలో ఆకు వేసుకుంటారు. మన నృత్యాల్లో బిందె ఎత్తే అభినయం అందంగా ఉంటుందే తప్ప దానికి బరువు ఉండదు. ఆ బరువు వచ్చేవరకు నిజమైన బిందెలో నీళ్లు పోసి సాధన చేయించు, తరువాత ఆ నీళ్లు చెట్టుకు పోయించు.

నీటి పంపకానికి జడకోలాటం కంటే మంచి సాధనం నాకు తోచదు. నడుమ నిలిపిన స్తంభం పైనుంచి వేలాడే తాళ్లను జడగా అల్లుతూ ఆడి, మళ్లీ వెనక్కి ఆడుతూ విప్పేటప్పుడు ఒక్కరు వరుస తప్పినా తాళ్లన్నీ చిక్కుపడతాయి. ఆ నడిమి స్తంభాన్ని తూముగానూ, తాళ్లను కాలువలుగానూ భావించి, పక్కన నీరుగంటి పాత్రను నిలబెట్టు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి తూము తెరిచి మూసే ఆ మనిషే నా దృష్టిలో కథానాయకుడు. ఆ పాత్ర ఆడపిల్లకు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఒక్క విషయంలో మొహమాటపడవద్దు. ఊరంటే చేతులు పట్టుకున్న వలయం మాత్రమే అన్నట్టు చూపితే అబద్ధమవుతుంది. బావి దగ్గర కొందరిని దూరంగా నిలబెట్టిన కాలం మన ఊళ్లలోనూ ఉంది. 1927లో మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగడానికే ఉద్యమం నడపవలసి వచ్చింది. రెండు నిమిషాలు చాలు: వలయం బయట ఖాళీ కుండతో నిలబడిన ఒక బాలుణ్ణి చూపించు, వలయం తెరుచుకునే అడుగును పిల్లలనే కనిపెట్టమను. ఆ పాత్ర ఎవరికి ఇస్తున్నావో మాత్రం జాగ్రత్తగా ఆలోచించు. ఇంట్లో ఆ బాధ విన్న పిల్లవాడి చేతనే దాన్ని వేయించడం తగదు.

మిగిలినవి చిన్న విషయాలు. మొత్తం పన్నెండు నిమిషాలు దాటనివ్వకు. వేదిక మీద నీళ్లు చల్లించవద్దు. కాళ్లు జారతాయి, కరెంటు తీగలు ఉంటాయి. థర్మాకోల్ కొండలు, ఫ్లెక్సీలు మానేసి, ఇళ్లలో ఉన్న తట్టలు, తువ్వాళ్లు, పాత పంచెలు తెప్పించు. సిమెంటు నేల మీద గెంతులు తగ్గించు.

అధికారుల ముందు ప్రదర్శించడానికి వారం ముందే ఆయకట్టు రైతులనూ, మీ ఊరి నీరుగంటినీ పిలిచి ఒకసారి ఆడి చూపించు. తూము ఎత్తే తీరు అలా కాదని వాళ్లు అంటే, తాళం చెడినా సరే, అడుగు మార్చు.

ఇట్లు,
ఆశీస్సులతో నీ గురువు