గోకార్టు తిప్పితే ముందు చక్రాలు ఎందుకు ఈడుస్తాయి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది రావులపాలెం పక్కన ఊరండి, ఐటీఐ ఫిట్టర్ అయిపోయింది. నేనూ మా బాబాయి కొడుకూ కలిసి గోకార్టు, అదే నేలకి దగ్గరగా ఉండే చిన్న నాలుగు చక్రాల బండి, కడుతున్నాం. అంగుళం రౌండు పైపుతో ఫ్రేమ్ అయిపోయింది, వీల్‌బేస్ (ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం) 42 అంగుళాలు, ముందు కింగ్‌పిన్‌కీ కింగ్‌పిన్‌కీ (ముందు చక్రాలు పక్కకి తిరిగే బోల్టులు) మధ్య 30. వెనక ఇరుసు ఒకటే షాఫ్టు. పాత మోపెడ్ ఇంజను కొన్నాం గానీ ఇంకా బిగించలేదు, తోసి చూస్తున్నాం. తిన్నగా అయితే బాగానే పోతుంది, తిప్పామంటే మాత్రం ముందు చక్రాలు గచ్చు మీద గీతలు పడేలా ఈడుస్తున్నాయి, స్టీరింగ్ వదిలేస్తే ఎటు తిప్పామో అటే ఉండిపోతోంది. బేరింగులు మార్చాం, గ్రీజు పెట్టాం, ఏం తేడా లేదు. ఫ్రేమ్ మొత్తం కోసెయ్యాలా? ఫొటోలు పంపుతున్నాను చూడండి.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: కొయ్యక్కర్లేదు తమ్ముడూ, ఫ్రేమ్ జోలికే పోకు. ఇంజను పెట్టకముందే తోసి చూసుకున్నావు చూడు, అది చాలా మంచి పని, చాలామంది ఇంజను చప్పుడు వినాలన్న తొందరలో స్టీరింగ్ సంగతి ఆఖరికి వదిలేస్తారు. ఫొటోల్లో నాకు రెండు కనబడ్డాయి. స్టీరింగ్ ఆర్ములు, అంటే చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న పట్టీలు, రెండూ కింగ్‌పిన్ దగ్గర నుంచి తిన్నగా వెనక్కి, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. కింగ్‌పిన్ బోల్టులేమో గుంజ పాతినట్టు నిట్టనిలువుగా ఉన్నాయి. మొదటిదాని వల్ల ఈడుస్తోంది, రెండోదాని వల్ల స్టీరింగ్ మధ్యకి రావట్లేదు. బేరింగుల తప్పేం లేదు.

ముందు ఈడవడం సంగతి చూద్దాం. కళ్ళంలో ఎడ్లబండి మళ్ళించేటప్పుడు గమనించావా, లోపలి చక్రం దాదాపు ఉన్నచోటే తిరుగుతుంటే బయటి చక్రం పెద్ద చుట్టు చుట్టి వస్తుంది. మన బండికీ అంతే, మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద నడవాలి, బయటిది పెద్ద వృత్తం మీద, అంటే లోపలిది ఎక్కువ తిరగాలి బయటిది తక్కువ తిరగాలి. నీ ఆర్ములు సమాంతరంగా ఉండడంతో రెండూ ఒకే కోణంలో తిరుగుతున్నాయి, ఒకటి తన దారిన తను పోతూ రెండోదాన్ని పక్కకి గుంజుతోంది, గచ్చు మీద గీత అదే. నీ కొలతలకి లెక్క కట్టి చూశాను, లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగినప్పుడు బయటిది 22 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు, మ్యూనిక్‌లో గుర్రబ్బళ్ళు చేసే లాంకెన్‌స్పెర్గర్ ఆలోచన, ఆయన తరఫున ఆకర్‌మన్ అనే ఆయన 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు, అందుకే ఇవాళ్టికీ దీన్ని ఆకర్‌మన్ స్టీరింగ్ అంటారు.

దీనికి కంప్యూటరూ వద్దు కోణమానినీ వద్దు, ఒక సుద్దముక్క, బారెడు పురికొస చాలు. బండిని గచ్చు మీద తిన్నగా నిలబెట్టి, రెండు కింగ్‌పిన్ల కింద గచ్చు మీద గుర్తు పెట్టు, వెనక ఇరుసుకి సరిగ్గా మధ్యలో ఇంకో గుర్తు పెట్టు. బండి పక్కకి తీసేసి ఒక్కో కింగ్‌పిన్ గుర్తు నుంచి వెనక మధ్య గుర్తుకి పురికొస బిగించి లాగు. చక్రం తిన్నగా ఉన్నప్పుడు నీ ఆర్ము చివర టై రాడ్డు (రెండు ఆర్ములనీ కలిపే కడ్డీ) బోల్టు పడే బెజ్జం ఆ పురికొస మీదే ఉండాలి. నీ ఆర్ము నాలుగంగుళాలు అనుకుంటే బెజ్జం ఇప్పుడున్న చోటు నుంచి ఇంచుమించు 34 ఎం.ఎం. లోపలికి జరుగుతుంది, ఒకటే టై రాడ్డు వాడితే దాని పొడవు కింగ్‌పిన్ల మధ్య దూరం కన్నా 68 ఎం.ఎం. తక్కువ అవుతుంది. ఉన్న ఆర్ముని వేడి చేసి వంచే ప్రయత్నం చెయ్యకు, 8 ఎం.ఎం. ఫ్లాటు ముక్క కోసి కొత్తది చేసుకో. ఒకవేళ టై రాడ్డు కింగ్‌పిన్‌కి ముందు వైపు పెట్టాలనుకుంటే అదే పురికొసని ముందుకి పొడిగించాలి, అప్పుడు ఆర్ము బయటికి తెరుచుకుంటుంది, చక్రం రిమ్ముకి తగలకుండా చూసుకోవాలి.

ఇంకోటి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆర్మూ టై రాడ్డూ ఒకే గీతలోకి రాకూడదు. వచ్చాయంటే చక్రం అవతలికి తిరగబడి అక్కడే పట్టేస్తుంది, ఎంత లాగినా వెనక్కి రాదు. అంతదాకా వెళ్ళకుండా రెండు వైపులా ఫ్రేమ్‌కి చిన్న ముక్క వెల్డింగ్ పెట్టి స్టాపరు చెయ్యి.

ఇప్పుడు వదిలేస్తే మధ్యకి రాకపోవడం. సైకిల్ ఫోర్కు చూడు, నిలువుగా ఉండదు, పైభాగం తొక్కేవాడి వైపు వాలి ఉంటుంది. ఆ ఫోర్కు గీతని నేల దాకా పొడిగిస్తే చక్రం నేలకి ఆనేచోటు కన్నా ముందు తగులుతుంది, అంటే చక్రం ఆ గీత వెనకాల లాక్కుంటూ వస్తుంది, లాక్కుంటూ వచ్చేది ఎప్పుడూ తిన్నగా సర్దుకుంటుంది. నీ కింగ్‌పిన్‌ని కూడా అలాగే వాల్చాలి, దీన్నే క్యాస్టర్ అంటారు. కింగ్‌పిన్‌ని పట్టుకునే నాలుగంగుళాల ఎత్తు బ్రాకెట్‌లో పై బెజ్జం కింది బెజ్జం కన్నా ముప్పావు అంగుళం వెనక్కి ఉంటే పది పదకొండు డిగ్రీలు వస్తుంది, నీ బండికి అది సరిపోతుంది. రెండు వైపులా ఒకేలా రావాలి తమ్ముడూ, ఒక పక్క ఎనిమిది ఒక పక్క పన్నెండు వస్తే బండి ఒక పక్కకే లాగుతుంది.

నీది వెనక ఒకటే షాఫ్టు కాబట్టి ఈ క్యాస్టర్ నీకు ఇంకో మేలు కూడా చేస్తుంది, నాకు గోకార్టులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఎడ్లబండి చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి, నీ వెనక చక్రాలు అలా తిరగలేవు, రెండూ కలిసే తిరగాలి, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు కదా. అందుకని మలుపులో బండి తిన్నగానే పోదామని మొండికేస్తుంది. క్యాస్టర్ ఉంటే తిప్పినప్పుడు లోపలి ముందు చక్రం కిందికి నొక్కుతుంది, బయటిది పైకి పోతుంది, దాంతో ఫ్రేమ్ కొంచెం మెలి తిరిగి లోపలి వెనక చక్రం మీద బరువు తేలిపోతుంది, అది తేలికపడగానే బండి చక్కగా మళ్ళుతుంది. రేసు కార్టులకి స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ ఉండవు, ఆ మెలి తిరిగే ఫ్రేమే వాటికి స్ప్రింగు. అందుకే ఫ్రేమ్ గట్టిగా ఉండాలని ప్రతి గడిలోనూ ఐమూలగా పైపులు వేసెయ్యకు, సీటు దగ్గరా ఇంజను దగ్గరా వేసినవి చాలు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్టు కట్టినప్పుడు కూడా అంతే, పైపుల ఫ్రేమూ నాలుగు చిన్న చక్రాలూ ఒక చిన్న ఇంజనూ.

కింగ్‌పిన్ బోల్టు గురించి ఒక్కమాట, ఇది మాత్రం రెండుసార్లు చదువు. 12 ఎం.ఎం. బోల్టు, తల మీద 8.8 అని (అది బోల్టు బలానికి గుర్తు) గుద్ది ఉన్నది కొను, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానిది) వెయ్యి, ఆ బోల్టుకి గానీ నట్టుకి గానీ వెల్డింగ్ తగలనివ్వకు. నా మొదటి బండికి నట్టు ఊడిపోతోందని నేనే ఒక చుక్క వెల్డింగ్ పెట్టేశాను, ఆ వేడికి బోల్టు పెళుసెక్కిపోయింది. మా మేనల్లుడు నడుపుతుంటే మలుపులో చక్రం పక్కకి పడిపోయి బండి బోదెలోకి దిగిపోయింది, వాడి గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. బోదె గట్టు మీద దొరికిన బోల్టు ముక్కని చేతిలోకి తీసుకుని చూస్తే విరిగినచోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది, ఎక్కడా సాగలేదు, వంగలేదు, పుటుక్కున తెగిపోయింది. ఆ ముక్క ఇప్పటికీ నా టూల్ బాక్సులోనే ఉంది.

అన్నీ అయ్యాక టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికి ఎంత తిరిగి ఉన్నాయో, సరిచూసుకో. రెండు ముందు టైర్ల మధ్య దూరం ఇరుసు ఎత్తులో ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి కొలువు, ముందు వైపు రెండు మూడు ఎం.ఎం. తక్కువ ఉంటే చాలు. టై రాడ్డుకి రాడ్ ఎండ్ బేరింగులు వేశావు కాబట్టి లాక్‌నట్టు వదులు చేసి తిప్పుకుంటే వచ్చేస్తుంది.

ప్రశ్న: చెరువుల పనికి తెచ్చిన జీఐ పైపు చాలా మిగిలిపోయిందండి. మా వాడు దాంతోనే కార్టు ఫ్రేమ్ చేస్తానంటున్నాడు, తుప్పు పట్టదు కదా అంటున్నాడు. చెయ్యొచ్చా?
– భీమవరం నుంచి ఒక రైతు

జవాబు: వద్దండి. ఆ పైపు మీద ఉన్నది జింకు పూత, వెల్డింగ్ వేడికి అది తెల్లటి పొగై లేస్తుంది, ఆ పొగ పీల్చినవాళ్ళకి సాయంత్రానికి చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా నొప్పులూ వణుకూ వస్తాయి. పైగా జింకు కలిసిన వెల్డింగ్‌లో బుడగలు పడి అతుకు గుల్లవుతుంది. పూత గీకేసి చేద్దామంటారా, ప్రతి అతుకు దగ్గరా లోపలా బయటా గీకాలి, ఆ శ్రమ కన్నా పైపు కొనుక్కోవడమే నయం. ఈఆర్‌డబ్ల్యూ (రేకు చుట్టి అతికిన) నల్ల పైపు, అంగుళం సైజు, గోడ మందం 2 ఎం.ఎం.కి తగ్గకుండా తీసుకోండి. వెల్డింగ్ ముందు అన్ని అతుకులకీ చుక్కలు మాత్రమే పెట్టి, ఐమూల కొలతలు రెండూ సమానంగా ఉన్నాయా చూసుకుని, ఆ తర్వాతే పూర్తి చెయ్యమనండి, అదీ ఒక మూల కొంచెం ఎదురు మూల కొంచెం, ఒకే చోట మొత్తం కాలిస్తే పైపు అటు లాగేసి ఫ్రేమ్ మెలి తిరుగుతుంది. మన వైపు ఉప్పుగాలికి తుప్పు నిజమే, రెడాక్సైడు రెండు చేతులు వేసి పైన పెయింటు వేసుకోండి, పైపు చివర్లు మూసెయ్యండి, తుప్పు లోపల నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలూ, అబ్బాయీ అమ్మాయీ, సెలవల్లో గోకార్టు కట్టారు. కాలవ గట్టు మీద నడుపుతామని గొడవ చేస్తున్నారు. ఒప్పుకోమంటారా? సైకిల్ చక్రాలు వేశారు, అవి పర్వాలేదా?
– అమలాపురం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, గట్టు మీద అస్సలు వద్దు. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, మలుపుకి చోటుండదు, సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటే ఎదురొచ్చే ట్రాక్టరువాడికి పిల్లలు కనబడరు కూడా. రోడ్డు మీద కూడా కుదరదు, మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ రోడ్డు ఎక్కకూడదు. తెలిసినవాళ్ళ రైసు మిల్లులో ధాన్యం ఆరబెట్టే గచ్చు ఖాళీగా ఉన్నప్పుడు అడగండి, దాళ్వా కోతల హడావుడి అయ్యాక చాలామంది కాదనరు.

సైకిల్ చక్రాలు మార్పించండి. సైకిల్ మలుపులో పక్కకి వాలుతుంది కాబట్టి ఊచల మీద పక్క బరువు పడదు, కార్టు వాలదు, పైగా చక్రాన్ని ఒక పక్క నుంచే పట్టుకుంటుంది, నాలుగు గట్టి మలుపులకి రిమ్ము ఎనిమిది అంకెలా వంకర తిరిగిపోతుంది. పాత స్కూటరు చక్రాలు గానీ ఆటో చక్రాలు గానీ దొరుకుతాయి, బరువెక్కువే గానీ నమ్మొచ్చు. బ్రేకు వెనక ఇరుసుకి ఉండాలి, ఇంజను ఆపే స్విచ్చి స్టీరింగ్ మీదే బొటనవేలికి అందేలా ఉండాలి, పక్కన నిలబడే పెద్దవాళ్ళకి అందేలా ఇంకోటి. చైనుకీ వెనక ఇరుసుకీ రేకు మూత వేసేదాకా బండి స్టార్టు చెయ్యనివ్వకండి. అమ్మాయి నడిపేటప్పుడు చున్నీ ఇంట్లోనే తీసి పెట్టెయ్యమనండి, జడ ముడేసి చొక్కా లోపలికి దోపి ఆ పైన హెల్మెట్ పెట్టుకోవాలి, తిరిగే ఇరుసులో జుట్టు చిక్కితే బ్రేకు వేసేలోపే లాగేస్తుంది.