ఆట కనిపెట్టినాయనకే ఓటములు ఎక్కువ

గ్రౌండు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు ఓ రిటైర్డ్ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) జవాబులు

ప్రశ్న: నేను ఒక డిగ్రీ కాలేజీలో పీడీని. మూడేళ్లుగా ఒక్క కప్పు కూడా రాలేదని మేనేజ్‌మెంట్ వాళ్లు సణుగుతున్నారు. బాస్కెట్‌బాల్ కనిపెట్టినాయన కూడా కోచ్‌గా గెలిచిన మ్యాచ్‌ల కంటే ఓడినవే ఎక్కువట కదా? నిజమేనా, లేక మాలాంటి వాళ్లను ఓదార్చడానికి ఎవరైనా అల్లిన కథా? అక్కడ అథ్లెటిక్ డైరెక్టర్ అంటే మన పీడీ లాంటివాడేనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమే బాబూ. జేమ్స్ నైస్మిత్ అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీకి 1898 నుంచి 1907 దాకా కోచ్. గెలిచినవి 55, ఓడినవి 60. అక్కడ పనిచేసిన బాస్కెట్‌బాల్ కోచ్‌లందరిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఈయనొక్కడికే. 1899 ఫిబ్రవరి 3న ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనే కాన్సాస్ సిటీ వైఎంసీఏ జట్టు 16-5తో ఓడించి పంపింది.

అయితే ఆయన్ని తీసుకున్నది కప్పుల కోసం కాదు. ఆయన కెనడాలో పుట్టి, దైవశాస్త్రం చదివి, తర్వాత డెన్వర్‌లో డాక్టరీ కూడా పూర్తి చేసినవాడు. కాన్సాస్ వాళ్లకు కావలసింది కాలేజీ చాపెల్లో ప్రార్థనలు నడిపించి, పిల్లలకు వ్యాయామం నేర్పే మనిషి. రెండూ ఒకే జీతానికి దొరికాయి! బాస్కెట్‌బాల్ వాటి పక్కన వచ్చి చేరిన పని.

అసలు ఆ ఆటే అవసరం కొద్దీ పుట్టింది. 1891 డిసెంబర్, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ ట్రైనింగ్ స్కూలు. బయట చలి, లోపల రోజూ అదే డ్రిల్లు. 18 మంది కుర్రాళ్లు విసిగిపోయి ఉన్నారు. వాళ్లను దారిలో పెట్టడానికి కొత్త ఆట ఏదైనా చూడమని పైఅధికారి గ్యులిక్ అక్కడ మాస్టారుగా ఉన్న నైస్మిత్‌కు రెండు వారాల గడువిచ్చాడు. నైస్మిత్ ప్యూన్‌ను రెండు పెట్టెలు తెమ్మంటే, అతను పీచ్ పండ్ల బుట్టలు తెచ్చాడు. బాల్కనీ అంచుకు మేకులు కొట్టి తగిలించారు. ఆ అంచు నేల నుంచి పదడుగుల ఎత్తులో ఉంది. మీ గ్రౌండులో రింగు ఇవాళ్టికీ పదడుగుల ఎత్తులో ఉందంటే కారణం ఆ బాల్కనీయే. 13 రూల్సు రాసి గోడకంటించాడు. మొదటి ఆటలో బంతి బుట్టలో పడింది ఒకే ఒక్కసారి. బుట్టకు అడుగుభాగం ఉంది కాబట్టి బంతిని ఎక్కి తీసుకోవాల్సి వచ్చేది.

ఇలా పుట్టించినవాడికి దాన్ని గెలుపు ఓటముల యంత్రంగా చూడటం చేతకాలేదనుకుంటాను. ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ అనే కుర్రాడు వేరే కాలేజీకి కోచ్‌గా వెళ్తానంటే, బాస్కెట్‌బాల్‌కి కోచింగ్ ఏంటయ్యా, ఆడుకోవడమేగా అన్నాడట. ఆ అలెనే తర్వాత కాన్సాస్ కోచ్ అయ్యి 590 మ్యాచ్‌లు గెలిపించాడు. ఈ ఒక్క విషయంలో నేను శిష్యుడి పక్షమే. కోచింగ్ లేకుండా డిఫెన్స్ రాదు.

మీ రెండో ప్రశ్న. నైస్మిత్ 1909 నుంచి పేరుకు ప్రొఫెసర్, చాలా ఏళ్లు పనికి అథ్లెటిక్ డైరెక్టర్. అప్పట్లో ఆ ఉద్యోగం మన పీడీ లాంటిదే. క్లాసులు, గ్రౌండు, జిమ్ము, పిల్లల ఒంటి కొలతలు, అన్నీ ఒకడి నెత్తినే. ఇప్పుడు అక్కడ అదే కుర్చీలో కూర్చునేవాడు కోట్ల బడ్జెట్ చూసే మేనేజరు. విజిల్ ఊదడు.

నాకు అన్నిటికంటే నచ్చేది 1933 నాటి సంగతి. జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి కుర్రాడు కాన్సాస్‌లో చేరాడు. జట్టులో అతనికి చోటు లేదు, రంగు అడ్డం. నైస్మిత్ అతన్ని చేరదీసి చదువులో, ఆటలో దారి చూపించాడు. మెక్‌లెండన్ తర్వాత టెనెసీలో కోచ్‌గా 1957 నుంచి 1959 దాకా వరసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచాడు. అవి గురువుగారి 55లో కలవవు కదా!

1936లో బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో చేరింది. కోచ్‌ల సంఘం చందాలు పోగుచేసి 74 ఏళ్ల పెద్దాయన్ని బెర్లిన్ పంపింది. ఫైనల్ మట్టి కోర్టులో, వానలో. బురదలో బంతి లేస్తేగా? అమెరికా 19, కెనడా 8. ఒకటి పుట్టిన దేశం, ఇంకోటి బతికిన దేశం. పతకాలు ఆయన చేతులమీదుగానే ఇప్పించారు.

అన్నట్టు, నేను చదివిన మద్రాసు వైఎంసీఏ కాలేజీని 1920లో పెట్టిన హెచ్.సి. బక్ కూడా ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ బడి మనిషే. మన ఊళ్లలో పాతతరం డ్రిల్లు మాస్టార్లు చాలామంది ఆ మద్రాసు నుంచి వచ్చినవాళ్లే.

చివరిగా ఒక జాగ్రత్త. ఈ 55, 60 అంకెలు మీ మేనేజ్‌మెంట్‌కు చూపించకండి. ఉద్యోగంలో ఉండగా నేను చూపించాను. కరస్పాండెంట్ గారు శ్రద్ధగా విని, "ఆయన ఆట కనిపెట్టాడు మాస్టారూ, మీరేం కనిపెట్టారు?" అన్నారు.