విశాఖ వన్‌టౌన్‌లో హోటల్ గురించి రాసేటప్పుడు

చెల్లాయీ,

వ్యాసం చదివాను. కొత్త హోటల్ పాత వీధిలో ‘ఒదిగిపోతుంది’ అని మూడుచోట్ల రాశావు. ఎన్ని అడుగుల దగ్గర ఒదిగిందో ఒక్కచోటా లేదు. కమాను కిటికీలు పెళ్లిపందిరికీ పెడతారు. నువ్వు అడగాల్సింది సెక్షన్ డ్రాయింగ్, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు అంతస్తుల ఎత్తులు చూపే పటం.

ఎందుకో లెక్క చూడు. పక్కన రెండంతస్తుల పాత మేడ, అంతస్తుకు 14 చొప్పున 28 అడుగులు ఉందనుకో. హోటల్ గదుల అంతస్తుకు పదిన్నర చాలు. కింద లాబీకి 14 ఇచ్చి పైన గదులు పేర్చుకుంటూ పోతే శ్లాబులు 24.5 దగ్గర, 35 దగ్గర పడతాయి. పక్క మేడ కప్పు గీత వచ్చి ఈ గోడలో ఏ కిటికీకో అడ్డంగా తగులుతుంది. చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది గానీ ఏమిటో చెప్పలేడు. అదే లాబీ 17.5 చేస్తే, దానిమీద ఒక గదుల అంతస్తుతో సరిగ్గా 28. పక్కింటి 14 అడుగుల గీతను లాబీ ముందరి సన్‌షేడ్ అందుకుంటుంది. ఇంకో అంతస్తు కావాలా, వీధి గోడ నుంచి పదడుగులు వెనక్కి జరిపి కట్టాలి. ఇది రాస్తే నీ విశేషణాలు సగం కొట్టేసుకోవచ్చు.

తర్వాత వెనకవైపు. దుప్పట్ల మూటలు, కూరగాయల వ్యాను, జనరేటరు, వంటింటి పొగగొట్టం, ఏసీ యూనిట్లు ఎక్కడ? ప్లాన్‌లో వ్యాను తిరిగే చోటు లేకపోతే సరుకు దిగేది కురుపాం మార్కెట్ లాంటి ఇరుకు వీధిలోనే. ముఖం ఎంత అందంగా ఉన్నా ఇరుగుపొరుగు తిట్టుకునేది దీనికే.

ఉప్పుగాలిని ఒక్క మాటతో దాటేశావు. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు, చువ్వ మీద కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు. కెరటాల తుంపర తగిలేచోట ఎం35, 50. కవర్ తగ్గితే ఉప్పు చువ్వను చేరుతుంది, తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది. పాత సున్నపు గోడను నిలబెడుతున్నారా? దానికి సిమెంటు పూత వేస్తే తేమ బయటికి పోక, ఉప్పు వెనక పేరుకుని పూత పెచ్చులుగా ఊడుతుంది. సున్నానికి సున్నమే. గాలికి లెక్క సెకనుకు 50 మీటర్లు. 2014 హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి వేరే చెప్పక్కర్లేదు. పైన ఏసీ యూనిట్లకు కట్టే జాలీ దేనికి బిగిస్తున్నారో అడుగు.

ఒక తప్పు దిద్దు. వన్‌టౌన్ పోర్టుతో పుట్టిందన్నావు, కాదు. పోర్టు తెరిచింది 1933లో. వన్‌టౌన్‌లోని సెయింట్ అలోషియస్ బడి 1847 నాటిది. కాబట్టి హోటల్‌కు పోలిక పోర్టు గిడ్డంగుల్లో వెతక్కు. పాత పోస్టాఫీసు చుట్టూ మేడలు చూడు, ఈసారి టేపు పట్టుకుని వెళ్లు.

మీ అన్నయ్య