పాలకొల్లు వైపు పాత ఇల్లు: సెల్లార్‌నీ కారు షెడ్డునీ గదులు చేసుకోవచ్చా?

మీరు ఇచ్చిన కొలతలు ఇవి. రోడ్డు కంటే 4 అడుగుల లోతులో సెల్లార్, పక్కనే స్లాబు వేసిన 12×20 అడుగుల కారు షెడ్డు. షెడ్డు నేల సీసీ రోడ్డు కంటే 3 అంగుళాలు పల్లం, నేల నుంచి స్లాబుకి పదిన్నర అడుగులు. రెండో బిడ్డ పుట్టాడు, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చేస్తున్నారు, సెల్లార్‌లో పడకగది, షెడ్డులో పిల్లల గది అనుకుంటున్నారు. నేనైతే దీన్ని తిరగేస్తాను. షెడ్డుని బాత్రూమ్‌తో సహా పెద్దవాళ్ల గది చేయండి. సెల్లార్‌లో ఎవరినీ పడుకోబెట్టకండి, సామాన్ల గదిగా వాడుకోండి.

కారణం మీ నూతిలోనే కనిపిస్తుంది. వేసవిలో గోదావరి కాలువలు కట్టేశాక నీరు ఎంత లోతులో ఉందో, సెప్టెంబరులో చేలన్నీ నిండి ఉన్నప్పుడు ఎంత లోతులో ఉందో టేపు పెట్టి కొలవండి. వర్షాకాలంలో నీరు నేలకి 2 అడుగుల లోతులోకి వచ్చేసిందంటే, మీ సెల్లార్ నేల 2 అడుగుల నీటి కింద ఉన్నట్టే. ఆ నీరు చదరపు మీటరుకి సుమారు 600 కిలోల బలంతో కింద నుంచి ఎత్తుతుంది. టైల్స్ కింద వేసే 4 అంగుళాల బెడ్ కాంక్రీటు బరువు అదే చదరపు మీటరుకి 240 కిలోలే. అందుకే పైన ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పూత పూసినా రెండో వర్షాకాలానికి నేల మధ్యలో ఉబ్బి పగులుతుంది. తప్పు పూతది కాదు, దాని కింద ఉన్న పలచటి నేలది. బరువుతోనే ఆపాలంటే కనీసం 10 అంగుళాల కాంక్రీటు కావాలి, లేదా చుట్టూ గోడలకి కట్టిన ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు) స్లాబు వేయాలి. ఆ ఖర్చు పెట్టాక మిగిలే ఎత్తులో ఫ్యాన్ కూడా తిరగదు.

సెల్లార్‌లో నీటిని ఆపాలని చూడకండి, దారి ఇవ్వండి. బాగా పల్లంగా ఉన్న మూల 2×2×2 అడుగుల గుంట కట్టి, గోడల వెంట 3 అంగుళాల వెడల్పు చిన్న కాలువ తీసి, నేలంతా అటు వాలు పెట్టండి. గుంటలో ఫ్లోట్ స్విచ్ (నీరు పెరగగానే మోటారుని దానంతటదే వేసేది) ఉన్న అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, అంటే నీటిలో మునిగి పనిచేసే మోటారు, చాలు. దాని పైపుకి నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరిగా పెట్టి, పైపు చివర వీధి కాలువ అంచుకి పైనే ఉండేలా చూడండి. లేకపోతే వీధి కాలువ నిండిన రోజు ఆ నీరే మీ ఇంట్లోకి వస్తుంది. ఇక్కడ అందరూ మర్చిపోయేది కరెంటు. తుఫాను వానకీ కరెంటు కోతకీ ముహూర్తం ఒకటే. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకి నాలుగైదు రెట్లు లాగుతుంది, ఇంట్లో ఫ్యాన్లకి పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ దాన్ని మోయలేకపోవచ్చు. కొనే ముందు ఒకసారి తగిలించి చూడండి.

సెల్లార్ గోడలకి ఉప్పు పట్టి సున్నం రాలుతోందంటున్నారు. చెమ్మ గీతకి 3 అడుగుల పైదాకా పాత ప్లాస్టరింగ్ పూర్తిగా కొట్టేయండి. ఇటుకల మధ్య సందులు ముప్పావు అంగుళం లోతు గీకి, ఉప్పుని పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడగొద్దు, కడిగితే ఉప్పు మళ్లీ ఇటుకలోకే పోతుంది. ఏప్రిల్‌లో కొట్టి, మే అంతా తలుపులు తెరిచి ఆరనిచ్చి, ఆ తర్వాత 1:4 (సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు) ప్లాస్టరింగ్ చేయించండి. వాటర్‌ప్రూఫ్ ద్రవం మామూలుగా బస్తాకి 200 మి.లీ., డబ్బా మీద ఎంత రాసుంటే అంతే. పుట్టీ, రంగు మాత్రం ఒక వర్షాకాలం గడిచాకే. తొందరపడి పుట్టీ పెడితే దసరాకల్లా పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

ఇక షెడ్డు. డబ్బు, శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది కాబట్టి నేలని 18 అంగుళాలు లేపండి. ఇసుక 12, బెడ్ 4, టైల్స్ మాలుతో కలిపి 2. స్లాబు దాకా 9 అడుగులు మిగులుతుంది, గదికి అది సరిపోతుంది. ఇసుక 240 ఘనపుటడుగులు కావాలి, దిమ్మిసకి అణుగుతుంది కాబట్టి 3 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) తెప్పించండి. చౌకగా వస్తుందని చెరువు గట్టు మట్టి పోయించకండి. నల్లమట్టి తడికి ఉబ్బి ఎండకి కుంగుతుంది, రొయ్యల చెరువు మట్టి అయితే పైగా ఉప్పు. ఇసుకని ఒకేసారి పోయకుండా 6 అంగుళాల చొప్పున రెండు వరసలుగా నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టించాలి.

నింపే ముందు ఒక పని ఉంది, మేస్త్రులు దీన్ని దాటేస్తారు. పాత గోడలో చెమ్మ పైకి ఎక్కకుండా వేసిన వరస పాత నేల మట్టంలో ఉంటుంది. నేల లేపగానే అది ఇసుక కింద పడిపోతుంది, తడి ఇసుక నుంచి చెమ్మ దాని పైనుంచి నేరుగా గోడలోకి ఎక్కుతుంది. అందుకని కొత్త నేల కంటే 6 అంగుళాల పైదాకా గోడ లోపలి ప్లాస్టరింగ్ కొట్టేసి, రెండు భాగాలు కలిపే సిమెంటు-పాలిమర్ పూత రెండు చేతులు వేయండి, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. ఇసుక మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరిచి, అంచులు గోడ మీదికి 2 అంగుళాలు మడవండి. షీట్లు కలిసేచోట కనీసం 6 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఉండాలి. ఆపైన 1:3:6 (సిమెంటు, ఇసుక, కంకర) బెడ్, దీనికి సుమారు 10 బస్తాల సిమెంటు పడుతుంది.

చెదల మందు షీటు వేయకముందే. క్లోరోపైరిఫాస్ 20 ఈసీ లీటరుకి 19 లీటర్ల నీళ్లు, చదరపు మీటరుకి 5 లీటర్లు. మీ గదికి అయిదున్నర లీటర్ల మందు. తాగే నుయ్యి దగ్గరుంటే ఈ పని మానేసి, తలుపు ఫ్రేములు గ్రానైటు, కిటికీలు యూపీవీసీ పెట్టుకోండి.

షట్టరు తీసేసిన చోట గోడని బెడ్ మీద నుంచి లేపొద్దు. ఆ చోట సాధారణంగా పునాది బీము ఉండదు, నల్లమట్టి కదిలినప్పుడు గోడ మూలకి మూల చీలుతుంది. రెండు స్తంభాలకీ 16 ఎంఎం రంధ్రాలు 6 అంగుళాల లోతు వేసి, దుమ్ము ఊది, కడ్డీని కాంక్రీటుకి అతికించే కెమికల్‌తో 12 ఎంఎం కడ్డీలు నాలుగు దించి, 9×12 అంగుళాల బీము పోయండి. రింగులు 8 ఎంఎం, 6 అంగుళాలకొకటి. గోడ తేలికపాటి ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే సిమెంటు ఇటుకలు), రోజుకి 5 అడుగులకి మించి లేపకుండా. స్లాబు కింద అర అంగుళం వదిలి, గోడ కుదురుకున్నాక నింపండి.

బోరు నీరు ఉప్పగా ఉంటే కాంక్రీటుకి పనికిరాదు. కడ్డీలున్న కాంక్రీటుకి నీటిలో క్లోరైడు లీటరుకి 500 మి.గ్రా. దాటకూడదని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. చిక్కేమిటంటే, సెల్లార్‌కి మంచి కాలం కాలువలు కట్టేసిన వేసవి, మంచి నీటికి కరువు కూడా అప్పుడే. షెడ్డు పనికి ట్యాంకరు నీళ్లు ముందే మాట్లాడుకోండి, లేదా షెడ్డు పని కాలువలు వదిలాక పెట్టుకోండి.

బాత్రూమ్ వెనక మూల 5×8. సెప్టిక్ ట్యాంకు 20 అడుగుల దూరంలో ఉందన్నారు కదా, 4 అంగుళాల పైపుకి 40 అడుగులకి అడుగు చొప్పున వాలు ఇస్తే 6 అంగుళాలు దిగుతుంది. నేల 18 అంగుళాలు లేపారు కాబట్టి ఆ దింపు దొరుకుతుంది. సెల్లార్‌లో బాత్రూమ్ కట్టి ఉంటే వర్షాకాలంలో ట్యాంకు వెనక్కి తన్నేది. గచ్చు జారని టైల్సే వేయండి, కమోడు పక్కన పట్టుకోడానికి కడ్డీ బిగించండి.

మిగిలిన 200 చదరపు అడుగుల గదికి కిటికీలు మొత్తం 33 చదరపు అడుగులకి తగ్గకూడదు. మన ఉక్క వాతావరణానికి నేలలో ఆరో వంతు లెక్క అది. 4×4 కిటికీలు రెండు, ఎదురుబొదురు గోడలకి, పైన ఒక వెంటిలేటరు. రోడ్డు నుంచి 15 అంగుళాలు ఎక్కాలి కాబట్టి నాన్నగారికి 5 అంగుళాల మెట్లు మూడు. చక్రాల కుర్చీ అవసరం పడేలా ఉంటే వాలుదారికి 15 అడుగుల పొడవు ఇప్పుడే వదలండి.

వైరింగు స్లాబు నుంచి కిందికి రావాలి, నేలలో గొట్టాలు వద్దు. స్విచ్చు బోర్డులు 4 అడుగుల ఎత్తున, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. సెల్లార్ లైట్లకి ఒక ఎంసీబీ (ఆ లైను ఒక్కటే ఆపే స్విచ్చు), మోటారుకి వేరే ఎంసీబీ పెట్టించండి, అక్కడ నీరు చేరిన రోజు మోటారు లైను తప్ప మిగతాది ఆపేసుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీ పెద్దవాళ్ల గదిలో పెట్టకండి, చార్జింగులో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది. షట్టరు తీసే ముందు ప్లాను కాగితం పట్టుకుని గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుని, పట్నం వార్డయితే ప్లానింగ్ సెక్రటరీని కలవండి. ప్లానులో పార్కింగు అని చూపించిన చోటు గది అవుతోంది కాబట్టి ఆ సంగతి ముందే తేల్చుకోవాలి.