గడిచిన ఏళ్లా, మిగిలిన ఏళ్లా? జనాభా వృద్ధాప్యంపై పాఠకుల ప్రశ్నలు

ప్రపంచ జనాభాలో వృద్ధుల వాటా పెరుగుతోందని గత సంచికలో రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: మనుషుల ఆయుష్షు ఇంతగా పెరిగినప్పుడు, వృద్ధులంటే ఎవరన్న నిర్వచనం మాత్రం పాతదే ఎందుకు ఉండాలి? వాటిలో ఆరు ప్రశ్నలను ఎంచుకొని జవాబిస్తున్నాను.

ప్రశ్న: 60 ఏళ్లు నిండితే వృద్ధులని కొన్ని నివేదికలు, 65 నిండితేనే అని మరికొన్ని లెక్క వేస్తున్నాయి. ఈ హద్దులకు వైద్యపరమైన ఆధారం ఏమైనా ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: లేదండీ. ఇవి పరిపాలన అవసరాల కోసం పెట్టుకున్న హద్దులు. జర్మనీలో 1889లో వృద్ధాప్య బీమా చట్టం వచ్చినప్పుడు పింఛను అందాలంటే 70 ఏళ్లు నిండాలన్నారు. 1916లో దాన్ని 65కు తగ్గించారు. అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రతా చట్టం కూడా 65నే తీసుకుంది. ఐక్యరాజ్యసమితి 1956లో వెలువరించిన నివేదిక, 65 ఏళ్లు నిండినవారు 7 శాతానికి మించిన జనాభాను వృద్ధ జనాభాగా వర్గీకరించింది. అదే సంస్థ ఆధ్వర్యంలో 1982లో వియన్నాలో వృద్ధాప్యంపై జరిగిన ప్రపంచ సభ మాత్రం 60 ఏళ్ల హద్దును వాడింది. శరీరంలో 60వ పుట్టినరోజునో 65వ పుట్టినరోజునో జరిగే మార్పు ఏదీ ఈ నిర్ణయాల వెనుక లేదు.

హద్దు ఒకటి ఉండటం తప్పు కాదు. లెక్క వేయాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీతను డెబ్బై ఏళ్లుగా కదపకుండా, దాని ఆధారంగా దశాబ్దాల మార్పును కొలవడంలోనే చిక్కుంది. 1950లో ప్రపంచ సగటు ఆయుర్దాయం 46 ఏళ్ల చిల్లర. ఇప్పుడది 73 దాటింది. అమెరికా ఆరోగ్య ఆర్థికవేత్త విక్టర్ ఫ్యూక్స్ 1980లలోనే దీనికి చక్కని పోలిక తెచ్చారు. ధరల పెరుగుదలను సరిచేయకుండా నాటి ఆదాయాన్నీ నేటి ఆదాయాన్నీ ఎవరూ పోల్చరు. వయసు విషయంలో మాత్రం ఆ సవరణ లేకుండానే పోల్చేస్తున్నాం.

ప్రశ్న: మిగిలిన ఆయుష్షును బట్టి వృద్ధాప్యాన్ని కొలవాలని కొందరు శాస్త్రజ్ఞులు అంటున్నారని చదివాను. ఎవరు ఎన్నాళ్లు బతుకుతారో ముందుగా ఎలా తెలుస్తుంది? ఆ లెక్క ఎలా వేస్తారు?
– డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని

జవాబు: ఒక మనిషి గురించి తెలియదు. ఒక జనాభా గురించి సగటున తెలుస్తుంది. అందుకు జనాభా శాస్త్రంలో జీవన పట్టిక అనే పాత పనిముట్టు ఉంది. దాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం.

పట్టిక మొదటి వరుసలో అప్పుడే పుట్టిన లక్షమంది శిశువులు ఉంటారు. ఆ ఏడాది ఆ దేశంలో ఏ వయసువారు ఏ రేటున మరణించారో ఆ రేట్లనే వీరికి వర్తింపజేస్తూ పోతే, వరుస వరుసకూ సంఖ్య తరుగుతూ వస్తుంది. మొదటి ఏడాదిలో కొంత తరుగు, ఆ తర్వాత చాలా ఏళ్లపాటు స్వల్పమైన తరుగు, 60 దాటాక త్వరత్వరగా తరుగు. చివరి నిలువు వరుసలో, ఆ వయసుకు చేరినవారు సగటున ఇంకా ఎన్నేళ్లు జీవిస్తారో ఉంటుంది. దాన్ని శేషాయుష్షు అందాం. ప్రపంచ సగటు పట్టికలో పుట్టిన శిశువు ఎదురుగా 73 అని ఉంది కాబట్టి 65 ఏళ్లవారి ఎదురుగా 8 అని ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ దాదాపు 17 ఉంటుంది, ఎందుకంటే 65కు చేరినవారు బాల్యంలోనూ నడివయసులోనూ ఎదురయ్యే ప్రమాదాలను అప్పటికే దాటి వచ్చినవారు.

ఇప్పుడు ఆ చివరి నిలువు వరుస మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ రండి. 15 అన్న అంకె దగ్గర ఆగి, అదే వరుసలో ఎడమవైపున ఉన్న వయసు చూడండి. ఆ జనాభాలో వృద్ధాప్యం మొదలయ్యేది అక్కడని కొత్త పద్ధతి చెబుతుంది. 1950 నాటి పట్టికలో మీ వేలు ఒక చోట ఆగితే, నేటి పట్టికలో దానికన్నా బాగా కిందికి వెళ్లి ఆగుతుంది. జపాన్ స్త్రీల పట్టికలో 75 దాటాకే ఆ అంకె కనిపిస్తుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. నార్మన్ రైడర్ అనే జనాభా శాస్త్రజ్ఞుడు 1975లోనే, శేషాయుష్షు 10 ఏళ్లకు తగ్గిన చోట వృద్ధాప్యం మొదలైనట్టు భావించవచ్చని సూచించారు. వారెన్ శాండర్సన్, సెర్గేయ్ షెర్బోవ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంతో దీన్ని పూర్తి స్థాయి కొలమానంగా మలిచారు. ఐక్యరాజ్యసమితి 2019లో తన వృద్ధాప్య నివేదికలో, పాత కొలతల పక్కన దీనికీ చోటిచ్చింది.

శాండర్సన్, షెర్బోవ్ చూపిన ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది ఫ్రాన్స్ స్త్రీలది. 1952లో 30 ఏళ్ల స్త్రీకి సగటున ఇంకా 44.7 ఏళ్ల జీవితం మిగిలి ఉండేది. అదే 44.7ను 2005 పట్టికలో వెతికితే 40 ఏళ్ల స్త్రీ దగ్గర దొరుకుతుంది. పుట్టిన తేదీని బట్టి ఇద్దరి మధ్య పదేళ్ల తేడా ఉంది. ముందున్న కాలాన్ని బట్టి ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు. చదువుకోవడం, ఇల్లు కట్టుకోవడం, వృత్తి మార్చుకోవడం, పొదుపు చేయడం వంటి నిర్ణయాలన్నీ మనిషి ముందున్న కాలాన్ని చూసుకునే తీసుకుంటాడు కాబట్టి, ఆ కాలానికి లెక్కలో చోటు లేకపోవడం పెద్ద లోపమనే నేను నమ్ముతున్నాను.

ఈ పద్ధతిలో లెక్కిస్తే జనాభా వృద్ధాప్యం మాయమైపోదు. పాత లెక్క చూపినంత వేగంగా పెరగదు, అంతే. ఒక్కోసారి మాత్రం విచిత్రమైన ఫలితం వస్తుంది. ఒక దేశంలో సగం మంది 35 ఏళ్ల లోపు, సగం మంది ఆ పైన ఉన్నారనుకోండి. యాభై ఏళ్లలో ఆ మధ్య గీత 40కి జరిగింది; కానీ ఆనాటి 35 ఏళ్లవారికి మిగిలిన కాలం కన్నా ఈనాటి 40 ఏళ్లవారికి మిగిలిన కాలమే ఎక్కువైంది. అప్పుడు ఆ జనాభా ముసలిదైనట్టా, వయసు తగ్గించుకున్నట్టా? రెండూ నిజమే.

ప్రశ్న: ఆయుష్షు పెరగడం వల్లనే కదా జనాభాలో వృద్ధులు ఎక్కువవుతున్నారు?
– ఒక పాఠకుడు

జవాబు: ప్రధాన కారణం అది కాదు, జననాలు తగ్గడం. పిల్లల సంఖ్య తగ్గితే మొత్తంలో పెద్దల వాటా దానంతటదే పెరుగుతుంది. జనాభా శాస్త్రజ్ఞుడు ఆన్స్‌లీ కోల్ 1950లలోనే దీన్ని లెక్కలతో చూపించారు. మరణాల రేటు తగ్గడం తొలి దశలో జనాభాను చిన్న వయసు వైపే నెట్టింది కూడా, ఎందుకంటే అప్పుడు ఎక్కువగా దక్కింది పసిపిల్లల ప్రాణాలే. శిశు మరణాలు బాగా తగ్గిపోయిన దేశాల్లో మాత్రం ఇప్పుడు పెరుగుతున్న ఆయుష్షు ముఖ్యంగా పెద్ద వయసులోనే చేరుతోంది కాబట్టి, అక్కడ మీరన్న మాట క్రమంగా నిజమవుతోంది.

ప్రశ్న: పనిచేసేవారి మీద వృద్ధుల భారం పెరిగిపోతోందని తరచూ వింటున్నాం. ఈ భారాన్ని ఎలా కొలుస్తారు? నేను 68 ఏళ్ల వయసులోనూ రోజూ పనికి వెళ్తున్నాను. నేను ఎవరి మీద భారం?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు ఎవరి మీదా భారం కాదు. ఆ లెక్కకు మీరు కనిపించడం లేదు, అదీ సమస్య. 20 నుంచి 64 ఏళ్ల వయసున్న ప్రతి వందమందికి 65 నిండినవారు ఎంతమంది ఉన్నారో చెప్పే సంఖ్యను వృద్ధుల పరాధీనత నిష్పత్తి అంటారు. ప్రపంచం మొత్తం మీద 2019లో అది 16 ఉందనీ, 2050కి 28 అవుతుందనీ ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఈ లెక్కలో 64 ఏళ్ల 11 నెలల మనిషి మోసేవాడు, రెండు నెలలు గడిస్తే మోయించుకునేవాడు. ఉద్యోగం లేని 30 ఏళ్ల యువకుడు పోషించేవాళ్ల జాబితాలో ఉంటాడు. రోజూ పనిచేసి పన్ను కట్టే మీరు ఆధారపడేవాళ్ల జాబితాలో ఉంటారు.

స్పైకర్, మెకిన్నెస్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనికి ప్రత్యామ్నాయం సూచించారు. శేషాయుష్షు 15 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారిని ఒకవైపు, వయసుతో నిమిత్తం లేకుండా నిజంగా ఉద్యోగంలో ఉన్నవారిని మరోవైపు పెట్టి లెక్కించారు. స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లోకి వచ్చిన దేశాల్లో ఈ నిష్పత్తి పాతదానికి చాలా భిన్నంగా కనిపిస్తుంది. రొనాల్డ్ లీ, ఆండ్రూ మేసన్ అనే ఆర్థికవేత్తలు మరో దారి పట్టారు. ఏ వయసువారు సగటున ఎంత సంపాదిస్తున్నారు, ఎంత ఖర్చు చేస్తున్నారు అన్నది దేశదేశాల్లో లెక్కగట్టి, ఆ తేడా నుంచే భారాన్ని అంచనా వేశారు. పింఛను నిధి భవిష్యత్తు తెలుసుకోవాలంటే నేను ఈ లెక్కనే ముందుగా చూస్తాను. పరాధీనత అన్న మాటే నాకు మింగుడు పడదు. మనవలను పెంచుతూ, మంచం పట్టిన భర్తను చూసుకుంటున్న 70 ఏళ్ల స్త్రీ శ్రమ ఈ లెక్కల్లో దేనిలోనూ సరిగా నమోదు కావడం లేదు.

ప్రశ్న: ఎక్కువ కాలం బతకడం వేరు, ఆరోగ్యంగా బతకడం వేరు. పెరిగిన ఏళ్లన్నీ మంచంలోనే గడిస్తే వృద్ధాప్యం ఆలస్యమైందని ఎలా అంటాం?
– ఒక వైద్యురాలు

జవాబు: శేషాయుష్షు కొలతకు ఉన్న అసలు పరిమితి ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2000 నుంచి 2019 మధ్య ప్రపంచ సగటు ఆయుర్దాయం 66.8 నుంచి 73.1 ఏళ్లకు పెరిగింది. ఆరోగ్యంగా గడిచే ఏళ్లు 58.1 నుంచి 63.5కు పెరిగాయి. రెండూ పెరిగాయి, కానీ సమానంగా పెరగలేదు. అనారోగ్యంతో గడిచే కాలం 8.7 ఏళ్ల నుంచి 9.6 ఏళ్లకు చేరింది.

అయినా నిరాశ పడనవసరం లేదని డెన్మార్క్‌లో జరిగిన ఒక అధ్యయనం చెబుతోంది. 1905లో పుట్టినవారిని 93 ఏళ్ల వయసులోనూ, 1915లో పుట్టినవారిని 95 ఏళ్ల వయసులోనూ ఇంటికి వెళ్లి పరీక్షించారు. జ్ఞాపకశక్తిని, ఆలోచనా శక్తిని పరీక్షించే ప్రశ్నలు అడిగారు. పిడికిలి ఎంత బలంగా బిగించగలరో చిన్న పరికరంతో కొలిచారు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవమన్నారు. పరీక్ష నాటికి రెండేళ్లు పెద్దవారైనా, తర్వాత పుట్టినవారే ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు. స్నానం, నడక, దుస్తులు వేసుకోవడం వంటి రోజువారీ పనుల్లోనూ వారిదే పైచేయి. పిడికిలి బలం వంటి శారీరక పరీక్షల్లో మాత్రం రెండు బృందాల మధ్య స్థిరమైన తేడా కనిపించలేదు. వృద్ధాప్యం అన్ని అవయవాల్లో, అన్ని సామర్థ్యాల్లో ఒకే గడియారం ప్రకారం నడవదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

దేశాల మధ్య తేడా ఇంకా విస్తుగొలుపుతుంది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, ప్రపంచంలో సగటు 65 ఏళ్ల మనిషి మోసే వయోసంబంధ వ్యాధుల భారాన్ని కొలబద్దగా తీసుకుంది. అంత భారం జపాన్‌లో 76 ఏళ్లకు కనిపిస్తే, పాపువా న్యూగినీలో 46 ఏళ్లకే కనిపించింది. ఈ ముప్పై ఏళ్ల తేడాను 65 అన్న ఒక్క అంకె కింద కప్పేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రశ్న: మా నాన్న నలభై ఏళ్లు బరువులు మోశారు. 58 ఏళ్లకే మోకాళ్లు మడవలేకపోతున్నారు. మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి వృద్ధాప్యం హద్దును ముందుకు జరపాలంటే, ఆయనలాంటివాళ్లకు పింఛను అందేదెప్పుడు? ఈ కొత్త లెక్కలు పింఛను వయసు పెంచడానికి సాకు కావా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. దానికి ఆధారమూ ఉంది. శాండర్సన్, షెర్బోవ్ అమెరికా సమాచారంతోనే పిడికిలి బలాన్ని పరిశీలించారు. హైస్కూలు చదువు పూర్తికాని 65 ఏళ్ల తెల్లజాతి స్త్రీలకు ఎంత బలం ఉందో, చదువు పూర్తిచేసినవారికి దాదాపు 70 ఏళ్ల దగ్గర అంతే బలం ఉంది. ఒకే దేశంలో, చదువు తేడాతోనే దాదాపు అయిదేళ్లు. సగటు ఆయుర్దాయం పెరిగిందన్నప్పుడు ఆ పెరుగుదల ఎవరి వాటాకు వచ్చిందో సగటు అంకె చెప్పదు.

ఆయుర్దాయానికి పింఛను వయసును ముడిపెట్టిన దేశాల్లో డెన్మార్క్ ఒకటి. అక్కడ 2040 నాటికి దాన్ని 70 చేయాలని 2025లో చట్టసభ నిర్ణయించింది. అయితే 61 ఏళ్ల నాటికి కనీసం 42 ఏళ్లు పనిలో గడిపినవారు ఒకటి నుంచి మూడేళ్లు ముందుగా విరమించుకునే వీలును కూడా అదే దేశం కల్పించింది. మీ నాన్నగారిలా చిన్న వయసులోనే పనిలోకి దిగినవారికి ఆ మినహాయింపు ఉద్దేశించినది. అది లేకుండా హద్దును మాత్రమే జరిపే ఏ విధానాన్నైనా వ్యతిరేకించడం సబబేనని నా అభిప్రాయం.

ఈ కొలమానంలో మీరు గమనించాల్సిన మరో మెలిక ఉంది. రష్యాలో 1987 ప్రాంతంలో పురుషుల సగటు ఆయుర్దాయం దాదాపు 65 ఏళ్లు. 1994కల్లా అది 58 లోపుకు పడిపోయింది. శేషాయుష్షు తగ్గితే 15 ఏళ్ల గీత చిన్న వయసుకు జరుగుతుంది. కాబట్టి ఈ పద్ధతి ప్రకారం, నడివయసులో ఉన్న లక్షలాది మంది ఒక్కసారిగా వృద్ధుల లెక్కలోకి వచ్చారు. పాత పద్ధతిలో అదే దేశాన్ని చూస్తే, ఎక్కువమంది చనిపోవడం వల్ల వృద్ధుల సంఖ్య తగ్గి, పరిస్థితి తేలికపడినట్టు కనిపిస్తుంది. మరణాలను ఊరటగా చూపే లెక్క కన్నా, వాటిని నష్టంగా చూపే లెక్కనే నేను నమ్ముతాను. మీ నాన్నగారి లాంటి శ్రామికులకు విడిగా జీవన పట్టిక తయారుచేసి అదే వేలితో 15 కోసం వెతికితే, అది దేశపు సగటు కన్నా ఎన్ని వరుసలు పైనే దొరుకుతుందో ప్రభుత్వాలు ముందుగా లెక్కగట్టాలి. పింఛను వయసు మీద చర్చ ఆ పట్టికను బల్ల మీద పెట్టుకునే మొదలు కావాలి.