చివరి పేజీ ఎవరు చూస్తారండీ?

ప్రశ్న: ఆఫీసులో నలభై పేజీల రిపోర్ట్ రాసిచ్చాను, బిబ్లియోగ్రఫీ, అదే చివర్లో పెట్టే పుస్తకాలు, పేపర్ల లిస్ట్ ఏదీ అని మేనేజర్ వెనక్కి పంపేశారు. అసలు ఆ చివరి పేజీ ఎవరు చూస్తారండీ? మా కొలీగేమో నెట్‌లో ఓ ఇరవై పుస్తకాల పేర్లు చూసి పెట్టేయ్, నిండుగా ఉంటుంది అంటున్నాడు. పెట్టేయొచ్చా?

జవాబు: వద్దండీ బాబూ. ఎవరూ చూడరన్నది చాలావరకు నిజమే, నేనూ ఊరికే కూర్చుని ఆ పేజీ చదవను, కానీ లోపల ఏదో ఒక అంకె తేడాగా అనిపించిందా, ముందు తిప్పేది దాన్నే. మీకు ఫోన్ చేసి ఇదెక్కడిది అని అడగక్కర్లేకుండా చదివేవాళ్లే వెళ్లి చూసుకోవడానికి అది, ఐదేళ్ల తర్వాత ఎవరో ఆ ఫైల్ తెరిస్తే చెప్పడానికి మీరు అక్కడ ఉంటారో లేదో మరి.

ఇక చదవకుండా పేర్లు పెట్టేయడం గురించి. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది, మొత్తం ఐదే వాక్యాలు. హాస్పిటల్లో నార్కోటిక్ మందులు, అంటే మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు తీసుకున్న 11,882 మందిలో వాటికి బానిసలైనవాళ్లు నలుగురే కనిపించారని. అంతే, ఇంటికెళ్లాక నెలల తరబడి మింగేవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా ఈ మందులకి అలవాటు పడటం చాలా అరుదు అని రాసుకోడానికి అదే ఆధారమైపోయింది, 2017లో లెక్కేస్తే 608 చోట్ల ఆ ఉత్తరాన్ని చూపించారట, అందులో 80 శాతం చోట్ల ఆ 11,882 మంది హాస్పిటల్లో ఉన్న పేషెంట్లని కూడా చెప్పలేదు. ఐదు వాక్యాలండీ, తెరిచి చదవడానికి నిమిషం పట్టదు!

ఏఐని అడిగి లిస్ట్ చేయించుకోవడం ఇంకా ప్రమాదం, లేని పుస్తకాన్ని కూడా పేజీ నంబర్‌తో సహా చెప్పేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు అలాగే లేని కేసులు కోర్టులో చూపించి 5,000 డాలర్ల ఫైన్ కట్టారు.

రిఫరెన్సులు, బిబ్లియోగ్రఫీ ఒకటేనా అంటే మామూలుగా కాదు. లోపల ఫలానా చోటిది అని చూపించినవి రిఫరెన్సులు, చూపించకపోయినా రాసేటప్పుడు చదివి వాడుకున్నవి కూడా కలిపితే బిబ్లియోగ్రఫీ, కాకపోతే చాలా ఆఫీసుల్లో రెండు మాటలూ కలిపేసి వాడతారు కాబట్టి మేనేజర్‌కి ఏది కావాలో అడిగేయండి. లిస్ట్ రాసే పద్ధతి ఏపీఏనా, షికాగోనా అన్నది కూడా అప్పుడే తేలిపోతుంది, ఏదైనా ఒకటే స్టైల్ చివరిదాకా ఉంటే చాలు. వెబ్ పేజీ అయితే చూసిన తేదీ వేయండి, పేజీలు మారిపోతుంటాయి, మాయమైపోతుంటాయి. డీఓఐ నంబర్, అంటే ఆ పేపర్‌కి శాశ్వతంగా ఇచ్చిన గుర్తింపు నంబర్ ఉంటే అది ఇవ్వండి, సైట్ అడ్రస్ మారినా పేపర్ దొరుకుతుంది.

ఇప్పుడు మీ నలభై పేజీలకి బ్రౌజర్ హిస్టరీ, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తవ్వడం తప్పదు, పాపం ఒక ఆదివారం పోతుంది. ఎంత వెతికినా ఎక్కడిదో దొరకని అంకె ఉంటే దానికి కొత్తగా ఓ పుస్తకం వెతికి తగిలించకండి, రిపోర్ట్‌లోంచి ఆ అంకెనే తీసేయండి.