సాయంత్రమే డిశ్చార్జి చేస్తే క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మా ఆవిడ వయసు 46. రొమ్ము క్యాన్సర్ తొలి దశలో బయటపడింది. గడ్డ తీసి, చంకలో ఒకట్రెండు లింఫ్ గ్రంథులు పరీక్షకు పంపుతామని, ఇబ్బంది లేకపోతే అదే సాయంత్రం ఇంటికి వెళ్లొచ్చని సర్జన్ చెప్పారు. 24 గంటలు ఆసుపత్రిలో లేకపోతే బీమా రాదని బంధువులు అంటున్నారు. ఒక రాత్రి ఉంచమని అడగాలా? రూ.5 లక్షల పాలసీ ఉంది. గది అద్దె పరిమితి రోజుకు 1 శాతం.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బీమా కోసమైతే అడగొద్దు. 24 గంటల నిబంధన ఉన్న మాట నిజమే కానీ, డే కేర్ చికిత్సలకు అది వర్తించదు. ఒకప్పుడు రోజుకు మించి ఉండాల్సి వచ్చిన ఆపరేషన్, మత్తు ఇచ్చి చేసేది, ఇప్పుడు వైద్యం మెరుగుపడి 24 గంటల్లోపే పూర్తయితే డే కేర్ కిందికి వస్తుంది. మీ పాలసీలో డే కేర్ జాబితా ఉంటే ఈ ఆపరేషన్ పేరు చెప్పి, వర్తిస్తుందని బీమా సంస్థ నుంచి మెయిల్ తెప్పించుకోండి.

చిక్కు వచ్చేది కాగితాల దగ్గర. అడ్మిషన్ లేకుండా ఓపీ బిల్లు ఇస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. చేరిన సమయం, వెళ్లిన సమయం, ఇచ్చిన మత్తు, చేసిన ఆపరేషన్... ఇవన్నీ డిశ్చార్జి సమ్మరీలో ఉండాలి. ముందుగా ఓపీలో చేయించిన మామోగ్రామ్, బయాప్సీ బిల్లులు దాచండి. చాలా పాలసీల్లో ఆపరేషన్‌కు ముందు 30 రోజుల ఖర్చు వస్తుంది. బయాప్సీ అయ్యాక తేదీ వాయిదా పడుతూ పోతే ఆ బిల్లులు గడువు దాటిపోతాయి.

రాత్రి ఉంటే నష్టం ఎలా వస్తుందో చూడండి. మీ పరిమితి రూ.5,000. మీరు తీసుకున్న గది రూ.8,000 అనుకుందాం. అప్పుడు చాలా పాలసీల్లో కోత గది అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ చార్జీలను కూడా ఎనిమిదింట అయిదు వంతుల లెక్కన, అంటే 62.5 శాతమే చెల్లిస్తారు. అవి రూ.1,20,000 అయితే రూ.45,000 మీ మీద పడుతుంది. అద్దె తేడా రూ.3,000 దానికి అదనం. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత ఉండదు. పైగా వైద్య అవసరం రాయకుండా ఒక రాత్రి ఉంచితే, ఎందుకు ఉంచారని బీమా సంస్థ ప్రశ్నించొచ్చు.

సర్జన్ ఉండమంటే మాత్రం ఖర్చు చూసి ఇంటికి తీసుకెళ్లకండి. ఆపరేషన్ జరిగిన మొదటి రోజే లోపల రక్తం గడ్డకట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావొచ్చు. అందుకే ముందస్తు అనుమతి కోరేటప్పుడే అవసరమైతే ఇన్‌పేషెంట్‌గా మారుస్తామని ఆసుపత్రితో రాయించండి. గది పరిమితి లోపలిదే ఎంచుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నాటి ఆదేశాల ప్రకారం నగదు రహిత అభ్యర్థనపై గంటలోపు, డిశ్చార్జి అనుమతిపై 3 గంటల్లోపు బీమా సంస్థ తేల్చాలి. రొమ్ము మొత్తం తీసి, ఒంట్లోని కండతోనో కొవ్వుతోనో తిరిగి రూపొందించే ఆపరేషన్‌కు రోజులకొద్దీ ఉండక తప్పదు. ఆ అంచనా వేరే వేయించాలి.

గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టంతో ఇంటికి పంపితే, తీసేదాకా డ్రెస్సింగులకు వెళ్లాలి. డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు సాధారణంగా వస్తుంది కానీ ప్రతి బిల్లుకూ ప్రిస్క్రిప్షన్ జత ఉండాలి. ఇంటికి పిలిపించుకునే నర్సు ఖర్చు చాలా పాలసీల్లో రాదు.

ఆసుపత్రిలో ఉన్న రోజుకు ఇంతని ఇచ్చే రోజువారీ నగదు పాలసీ ఉంటే డే కేర్‌కు సాధారణంగా పైసా రాదు, దానికోసం ఉండిపోవద్దు. పెద్ద జబ్బు నిర్ధారణైతే ఒకేసారి మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీకి ఆసుపత్రిలో ఎన్నాళ్లున్నారన్నది అక్కర్లేదు, తీసిన గడ్డను పరీక్షించి ఇచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టే ముఖ్యం. రొమ్ములోని పాలనాళాల్లోనే ఉండి బయటికి పాకని ఇన్ సిటు క్యాన్సర్‌కు ప్రామాణిక నిర్వచనంలో చోటు లేదు.

నా దిగులు అసలు ఆ 5 లక్షల గురించే. ఆపరేషన్ తర్వాత రేడియేషన్, అవసరమైతే కీమో ఉంటాయి. ఇవీ డే కేరే, ఇవీ ఆ మొత్తంలోంచే పోతాయి. బీమా మొత్తం అయిపోతే తిరిగి నింపే రీస్టోరేషన్ సదుపాయం అదే జబ్బుకు వర్తిస్తుందో లేదో ఈ వారమే అడగండి. చికిత్స మధ్యలో రెన్యూవల్ వస్తే ఒక్కరోజు కూడా దాటనివ్వకండి. క్లెయిమ్ చేశారన్న కారణంతో బీమా సంస్థ రెన్యూవల్ నిరాకరించకూడదు.